తారు కింద చెక్క

మంగళవారం రాత్రి, ధర్మవరం

పడవకు నంబరు వచ్చింది. అయినా నాకు నిద్ర పట్టడం లేదు.

చెరువులో తిరిగే పడవలన్నీ రిజిస్టర్ చేయాలంటూ ఈరోజు ఆఫీసరు గట్టుకు వచ్చాడు. మాది మా మామ చేయించిన పాత చెక్క పడవ. "నంబరు యాడుండాదప్పా?" అని మా ఆయన్ను అడిగాడు. ఏటేటా తారు మీద తారు పూస్తాం కదా, కింద ఉందేమో గీకి చూడమని చెప్పి ఆఫీసరు పక్క పడవ దగ్గరికి పోయాడు.

గీకితే నంబరు లేదు. కత్తి మాత్రం చెక్కలోకి పిడిదాకా దిగిపోయింది. లోపలంతా సంగటిలా మెత్తగా ఉంది.

నేను నోరు తెరవబోయాను. "మాట్లాడొద్దు. నంబరు ఇయ్యకపోతే ఏం తింటాం?" అన్నాడు మా ఆయన మెల్లగా. పడవలకు పూయడానికి గట్టు మీద పొయ్యిపై కాగుతున్న తారు తెచ్చి అక్కడ పూసేశాడు.

తారు గట్టిపడ్డాక ఆఫీసరు తిరిగొచ్చి కొత్త నంబరు ఇచ్చాడు. మా ఆయన చేతులకు తారు అంటి ఉంటే, తెల్లరంగు కుంచె తీసుకుని నేనే రాశాను, సరిగ్గా ఆ మెత్తటి చోటు మీదే.

"ఇంక మీ పడవను గట్టు మీదినుంచే గుర్తుపట్టొచ్చమ్మా" అన్నాడు ఆఫీసరు.

తెల్లవారుజామున మా ఆయన అందులోనే వల తీయడానికి పోతాడు. చెరువు నిండుగా ఉంది. గుర్తుపట్టొచ్చు, నీళ్ల మీద ఉన్నంతసేపూ...