కలెక్టరాఫీసులో ప్రమాణం

అత్తయ్యా,

ఈ రోజు శ్రీకాకుళం కలెక్టరాఫీసులో ప్రమాణం చేసి నేను భారత పౌరురాలినయ్యాను. తెలుగు ముక్క రాకుండా బర్మా నుంచి కోడలిగా వచ్చిన నాకు, వీసా పొడిగింపు కోసం ఏటా పోలీసాఫీసుకు మీరే తోడొచ్చేవారు. "నా పక్కనున్న మా కోడలు ఇదేశీ ఎలాగవుతాది?" అంటూ గుమస్తాతో మీరు పెట్టుకున్న తగువు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రమాణం అయ్యాక అధికారి, "మీకు తెలుగు వచ్చా?" అని అడిగారు.

"రాకపోడమేటి బాబూ, మా అత్త నేర్పినాది," అన్నాను. అందరూ నవ్వేశారు.

ఇంటికొచ్చి కాగితం మామయ్య చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "మీ అత్తుంటే ఈపాటికి ఊరంతా సెప్పేసొచ్చీది," అన్నారు.

మంచి చీర కట్టుకుని నేనే బయల్దేరాను. పొద్దుగూకేలోపు ఒక్క గడప కూడా వదల్లేదు.

మీ కోడలు