రాంబాబు జుట్టు సంగతి

దుమ్ముగూడెం దగ్గర,
12-4-2005

శ్యామలకు,

నీ పోతయ్య రాస్తున్నాను. ఇక్కడ నేను, పిల్లలిద్దరూ, మేకలు, అందరం బాగున్నాం. ఖమ్మంలో హాస్టల్ తిండి నీకు పడుతోందనుకుంటాను. పొదిగే నీ కోడిపెట్ట మాత్రం నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. వచ్చాక నువ్వే దానికి నచ్చజెప్పుకో.

నీ ఉత్తరం శనివారం అందింది. అంగన్‌వాడీ ట్రైనింగులో పిల్లల్ని ఎలా పెంచాలో నేర్పుతున్నారని రాశావు. నాకు ఆ ట్రైనింగు ఇంట్లోనే అవుతోంది, మాస్టర్లు ఇద్దరు. నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. వరసగా చెబుతాను.

రాంబాబు తింటున్నాడా అన్నావు. తింటున్నాడు. నాలుగేళ్లు నిండాయి కదా, ఇప్పుడు తానే వండుతానంటున్నాడు. మొన్న కొబ్బరి చిప్పలో ఇసుక, చింతగింజలు కలిపి కూర వండి నా ముందు పెట్టాడు. తిన్నట్టు నటించాను. "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. సరిపోయిందన్నాను. "అబద్ధాలెందుకు ఆడుతవ్ నాయినా? నేను ఉప్పు ఎయ్యనే లేదు" అని చెవి పట్టుకున్నాడు. అచ్చం మీ అమ్మ పోలిక!

కళావతి బడికి రోజూ పోతోంది. ఇంట్లో ఎంతమందని సారు అడిగితే ఆరుగురం అందట. నలుగురే కదా అంటే రెండు మేకల్నీ కలిపింది. మేకల్ని లెక్కపెట్టకూడదన్నాడు సారు. "మా అమ్మ ఊర్లనే లేదు, ఆమెను లెక్కవెట్టిన్రు. మేకలు ఇంట్లనే ఉన్నయి గద సార్!" అందట ఏడేళ్ల పిల్ల. సారు నాకు దారిలో కనబడి చెబుతూ నవ్వలేక చచ్చాడు. నేనూ నవ్వాను గానీ, నువ్వు లేని ఇల్లు గుర్తొచ్చి కొంచెం కష్టమనిపించింది.

ఇక మూడోది, రాంబాబు జుట్టుకు రోజూ నూనె పెడుతున్నావా అని. శ్యామలా, కాస్త కూర్చుని చదువు.

సోమవారం సంతలో గాజులామె వాడి జడ చూసి, "పాపకు గాజులెయ్యనా అన్నా?" అంది. వాడికి ఎక్కడలేని రోషం వచ్చింది. ఇంటికొచ్చి బొగ్గుతో మీసాలు దిద్దుకున్నాడు. అవీ చాలక, జుట్టు మగపిల్లల మాదిరి పొట్టిగా కనబడాలని అక్కను బతిమాలాడు. మన కళావతి ఊరుకుంటుందా! నేను అడవి నుంచి తెచ్చి దాచిన తపసి చెట్టు బంకను నీళ్లలో నానబెట్టి, జుట్టంతా మడిచి తలకు అతికించేసింది. నేను చేను నుంచి వచ్చేసరికి ఎండకు ఎండి రాయయింది. "నాయినా, నేనిప్పుడు మొగోన్ని!" అని ఎదురొచ్చాడు.

నూనె పోశాను. వేడినీళ్లు పోశాను. పక్కింటి గంగక్క కుంకుడు రసంతో రుద్దింది. దువ్వెన విరిగింది గానీ బంక వదల్లేదు. తలంతా ఎర్రగా కందిపోయి పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చాడు. చివరికి నేనే కత్తెర పెట్టాను.

అవును, నేనే. ఏడాది పిల్లాడప్పుడు జ్వరమొచ్చి కళ్లు తేలేస్తే, ఐదో ఏట పుట్టువెంట్రుకలు ఇస్తానని భద్రాద్రి రాముడికి మొక్కుకున్నావు. అప్పటిదాకా కత్తెర తగలనివ్వనన్నావు. నేనప్పుడు నవ్వాను. జ్వరం దించింది డాక్టరు సూది అన్నాను. వాడు దగ్గినప్పుడల్లా నువ్వు లేచి కూర్చుంటే, "పిచ్చిదానా, పడుకో" అని అటు తిరిగేవాణ్ణి.

కత్తిరించిన వెంట్రుకలు ఒక్కటి పోకుండా పసుపు గుడ్డలో కట్టాను. కళావతి వెక్కి వెక్కి ఏడ్చింది. "దేవుడు తమ్మున్ని ఏమన్న జేస్తడా నాయినా? కావాల్నంటే నా జడ తీస్కోమను" అంది. దేవుడికి పిల్లల మీద కోపం ఉండదని దానికి ధైర్యం చెప్పాను.

తెల్లారి గంగక్క వాకిట్లో కారం దంచుతోంది. రాంబాబు నాలుగుసార్లు తుమ్మాడు. కారం ఘాటేనని నా బుర్రకు తెలుసు, కాళ్లకు తెలియలేదు. వాణ్ణి కండువాలో చుట్టుకుని చెప్పుల్లేకుండా దవాఖానాకు పరిగెత్తాను.

"ఏమైంది?" అంది నర్సమ్మ.

"తుమ్మిండమ్మా."

"తుమ్మితే?"

"జుట్టు కత్తిరించిన" అన్నాను.

ఆమె నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసి, వాడి ఒళ్లు పట్టి చూసి, తానే మూడుసార్లు తుమ్మింది. "పిలగాడు మంచిగున్నడు. ముందు నీ కండువ దులుపుకో, నిండ కారమే ఉంది!" అంది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. రాంబాబు జాలిపడి అదే కండువాతో నా కళ్లు తుడిచాడు. ఇక నా అవస్థ నువ్వే ఊహించుకో. వాడు మాత్రం చప్పట్లు కొట్టి నవ్వాడు.

మొక్కు సంగతి నువ్వు ఎలా చెబితే అలా చేద్దాం. తిట్టాలనుంటే నన్ను తిట్టు, పిల్లను ఏమీ అనకు. నేను పరిగెత్తింది ఒక్క పొద్దు. ఆ ఒక్క పొద్దుకే నా ప్రాణం పోయినంత పనైంది. నువ్వు మూడేళ్లుగా ఆ భయంతోనే వండావు, కూలికి పోయావు, మాతో నవ్వావు. పక్కనే ఉండి కూడా నాకు తెలియలేదు. తప్పు నాదే శ్యామలా. ఇకమీదట వాడు దగ్గినా తుమ్మినా నువ్వొక్కదానివే లేచి కూర్చోకు, నన్నూ లేపు.

ఇట్లు,
కళావతి, రాంబాబుల నాయిన,
నీ పోతయ్య