కేమ్ షాఫ్టుకి బొట్టు

సాలూరు, 1928. సోమవారం.

మేస్త్రీ మావ నాకు చెప్పకుండా బస్సు ఇంజనులో కవాటాలు తెరిచే కొత్త కేమ్ షాఫ్టు పళ్లచక్రానికి కుంకుమ బొట్టు పెట్టేశాడు. రెండు చక్రాలు ఎక్కడ కలవాలో చెప్పే గుర్తుపంటికి మేం ఎర్రరంగు పూస్తాం కదా, నేను ఆ బొట్టునే గుర్తనుకుని బిగించేశాను. బస్సు దగ్గి, పొగ కక్కి ఆగిపోయింది. బుధవారం సంతకి బస్సు ఘాటీ కొండదారి ఎక్కకపోతే మావని పనిలోంచి తీసేస్తానన్నాడు ఓనరు. అంతా మళ్లీ విప్పాను.

"ఏటి మావా, ఇనప చక్రానికి బొట్టేటి?" అని అరిచాను.

"నువ్వు అందులో సెయ్యెడతావు కదరా గుంటడా. నలిపేత్తాదని బయమేసి ఎట్టాను," అన్నాడు.

ఇలాంటి మనిషిని ఏటని తిట్టాలి? రేపు పొద్దున్న మళ్లీ బిగించడానికి నేను పానా పట్టేలోగా మావ మాటివ్వాలి. బొట్టు పెడితే నా నుదుట పెట్టాలి, ఇంజనుకి కాదు.