సుగుణ తీసిన జిరాఫీ ఫొటో

శుక్రవారం రాత్రి, రియాద్

నేను చెబుతున్నాను, నా స్నేహితురాలు మేరీ రాస్తోంది. మా ప్రార్థన గుంపుతో కెన్యా వెళ్తూ, మా ఊరికి పోతున్నానని నేను వంట చేసే ఇంటి మేడమ్‌తో అబద్ధమాడాను. ఆ తప్పు నాదే. అక్కడ సఫారీ వ్యాను పక్కకు జిరాఫీ వస్తే, "అత్తా, ఇటు చూడు" అని మా గుంపులోని సుగుణ నన్ను ఫొటో తీసింది.

ఈరోజు తిరిగొచ్చి వంటింట్లో అడుగుపెట్టగానే మేడమ్, "మీ ఊళ్ళో జిరాఫీలు బాగున్నాయా?" అంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని ఉంటుందో ఊడుతుందో రేపు చెబుతుందట.

సుగుణను నిలదీశాను.

"నేనెవరికీ పంపలేదత్తా, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టానంతే" అంది.

తన చెల్లెలికి వంటపని వెతుకుతున్న మనిషి ఆమె. ఒకరి ఫోనులో ఒకరి నంబరు లేకపోతే స్టేటస్ కనబడదని మేరీ అంటోంది. మరి మా మేడమ్ నంబరుతో సుగుణకేం పని?