నలుగురిలో చదివే ఉత్తరాలు

లిలువా,
6 జులై 1969

ప్రియమైన జ్ఞానానందం గారికి,

వందనాలు. ఈ ఉదయం పాలసీసా లోపలికి తెస్తుంటే, దాని వెండిరేకు మూత మీద రెండు చిన్న చిల్లులు కనిపించాయి. పిట్ట ముక్కు గుర్తులు. మీగడ కాస్త తగ్గింది. అమ్మ ఆ పాలు పారబోయమంది. కాచితే ఏమీ కాదన్నారు నాన్న. కాచాం. అమ్మ మాత్రం తాగలేదు.

మీ ఉత్తరం గురువారం వచ్చింది. ఎప్పటిలాగే భోజనాలయ్యాక చదివాను. మీరు పక్కింట్లో ఉన్న రోజుల్లో అరుగు మీద పేపరు చదివి వినిపించేవారు కదా. ఇప్పుడు ఆ లోటు మీ ఉత్తరం తీరుస్తోందని నాన్న అంటారు. అమ్మకు చదువు రాదు, నాన్నకు చేతిరాత ఆనదు, అందుకని చదివేది నేనే. వెనకింటి సింహాచలమ్మ పిన్ని పీట తెచ్చుకుని మరీ వస్తుంది. నేను రాసేది కూడా వాళ్లకు వినిపించాకే ఇన్‌లాండ్ అంటిస్తాం.

ఇక్కడ రోజుకో చోట ఘెరావ్. మొన్న నాన్న మన ప్రార్థన మందిరానికి ఫ్యాన్లు చందాగా అడగడానికి హౌరాలో ఒక చిన్న ఫౌండ్రీ మేనేజరు దగ్గరికి వెళ్లారు. కూర్చున్న కాసేపటికే కార్మికులు గది చుట్టుముట్టారు. "దాదా, మీరు వెళ్లిపోండి, మీతో మాకేం పేచీ లేదు" అన్నారట. నాన్న మాత్రం "ఫ్యాన్ల మాట తేలలేదు, తేలాక వెళ్తాను" అని కూర్చున్నారట. వాళ్లు నాన్నకు టీ ఇచ్చారు, మేనేజరుకు ఇవ్వలేదు. నాన్న తన టీలో సగం మేనేజరుకు పోశారు.

బడి లైబ్రరీలో నా పని అలాగే సాగుతోంది, పుస్తకాలకు అట్టలు వేయడం. అక్కడి టెలిఫోనుకు ఏదో అయింది. ఒక చేపల గోదాముకు చేసిన ఫోన్లలో సగం మాకే వస్తున్నాయి. ఫోనెత్తాలంటే నాకు భయమని మీకు తెలుసు. "ఇది బడి అండీ" అని మెల్లగా చెబితే, "సరే, ఇలిశ చేప ఎంతకిస్తారు?" అంటారు.

సింహాచలమ్మ పిన్ని ఒక సందేహం అడగమంది. మనిషి చంద్రుడి మీద కాలు పెడితే, చవితినాడు చంద్రుణ్ణి చూసినవాళ్లకు వచ్చే నింద ఇక రాదా?

నాన్న వచ్చే ఏడు రిటైరవుతారు. రైల్వే క్వార్టరు ఖాళీ చేయాలి. ఆలోపు నా పెళ్లి తేలిపోవాలని అమ్మ తొందరపడుతోంది. ఇక ఆపుతాను, నాన్నకు చోటు వదలాలి.

మీ క్షేమం కోరే,
డోర్కాస్

చి. జ్ఞానానందానికి ఆశీస్సులు. ఫ్యాను ఒకటే ఇచ్చాడు. – ప్రేమానందం


విశాఖపట్నం,
15 జులై 1969

ప్రియమైన డోర్కాస్‌కు,

అత్తయ్యకు, మావయ్యగారికి, పీట మీద కూర్చున్న పిన్నికి వందనాలు. ఘెరావ్‌లో కూర్చుని ఫ్యాను సంపాదించిన మనిషి సంగతి చెబితే మా షాపు యజమాని రఘురాం గారు నమ్మలేదు. "ఏటీ, ఎల్లమన్నా ఎల్లలేదా?" అని రెండుసార్లు అడిగారు.

మా రేడియో షాపులో కాలు పెట్టే చోటు లేదు. చంద్రుడి మీద మనిషి దిగే కబురు రేడియోలో వస్తుందని, ఊరంతా అటకల మీద రేడియోలు దించి మా దగ్గరికి తెస్తోంది. ఒకదాన్లో బల్లి కాపురం పెట్టింది, గుడ్లతో సహా. ఒక ముసలాయన వచ్చి, "బాబూ, నా రేడియోలో సిలోను పడతాది, చంద్రుడు పడతాడా?" అని అడిగాడు. రఘురాం గారు ఏమాత్రం నవ్వకుండా, "దిగీదాకా ఆగండి, దిగితే పడతాడు" అన్నారు.

హైదరాబాదు వైపు గొడవలతో రైళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. షాపులో రాష్ట్రం ఒకటిగా ఉండాలని ఒకరు, రెండు కావాలని ఒకరు వాదించుకుంటారు. నేను ఇద్దరికీ తలూపుతాను. నాకు కావలసిన వాల్వులు ఆ దారినే రావాలి.

పిన్ని సందేహానికి నా జవాబు: నింద సంగతి తెలియదు గానీ, చవితినాడు తల వంచుకునే నడవమను. లిలువా గుంతల వీధుల్లో ఆ ఒక్క రోజే కాదు, రోజూ అలా నడవడమే మేలు.

మావయ్యగారు రిటైరవుతున్నారంటే నమ్మబుద్ధి కావడం లేదు. మిగతా సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. ఆ టెలిఫోను బాగుపడితే మాత్రం నాకు రాయకు. ఇలిశ ధర తెలియడానికి నాకు ఇంకో దారి లేదు.

అందరి క్షేమం అడిగే,
జ్ఞానానందం


లిలువా,
27 జులై 1969

ప్రియమైన జ్ఞానానందం గారికి,

వందనాలు. మా వీధిలో చంద్రుడి మీద ఎవరూ దిగలేదు. ఎలాగో చెబుతాను.

ఆ సోమవారం పొద్దున్నే కరెంటు పోయింది. మీరు బాగుచేసి ఇచ్చిన మా రేడియో మూగగా ఉండిపోయింది. వీధంతా ఎదురింటి నిఖిల్ దాదా ట్రాన్సిస్టర్ చుట్టూ నిలబడ్డాం. బెంగాలీలో చెబుతున్నారు. మనిషి నిచ్చెన మీద ఉన్నాడనగానే గొంతు సన్నబడి ఆగిపోయింది. బ్యాటరీలు అయిపోయాయి. ఎండలో పెడదామంటే వాన. నిఖిల్ దాదా వాళ్లమ్మ వాటిని పొయ్యి పక్కన పెట్టి వెచ్చబెట్టింది. మళ్లీ వేసేసరికి మనిషి దిగి, జెండా కూడా పాతేశాడు. "అంతలోనే ఏటి తొందర ఆడికి?" అంది సింహాచలమ్మ పిన్ని.

ఇద్దరు దిగితే మూడో మనిషి ఒక్కడే పైన తిరుగుతూ ఉన్నాడట. నాకు అతని గురించే ఆలోచన. కింద వాళ్లు మాట్లాడుకునేది అతనికి వినిపించిందో లేదో పేపర్లో రాయలేదు.

బ్యాంకులు సర్కారువయ్యాయి. మనది అందులో ఏమీ లేదు కాబట్టి ఎవరిదైతేనేం అంది అమ్మ. ట్రాం పట్టాల మీద ఒక గేదె పడుకుంటే ట్రాములన్నీ ఆగాయి. సమ్మె అనుకుని కొందరు దిగి ఇళ్లకు వెళ్లిపోయారట. ఉత్తరానికో వింత వార్త రాసుకుంటాం కదా, ఈసారి నాది ఇదే.

బడ్జ్ బడ్జ్ నూనె డిపోలో పనిచేసే సత్యరాజు గారి సంబంధం వచ్చింది. మన సంఘమే. మీరు అక్కడ రేడియో పని నేర్చుకునేటప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారట. ఆయన కిందటి ఆదివారం ఇంటికి వచ్చారు. ఏమి చదువుతూ ఉంటావని అడిగారు. చెప్పాను. మంచిదన్నారు.

మీ ఉత్తరం చదివాక అందరూ లేచి వెళ్లిపోతారు. రెండు గదుల ఇల్లే అయినా అప్పుడు చాలా పెద్దదిగా ఉంటుంది.

మీ క్షేమం కోరే,
డోర్కాస్

చి. జ్ఞానానందానికి. సత్యరాజు ఎలాంటివాడో దాచకుండా రాయి. నీ మాట మీదే ముందుకు వెళ్తాం. – ప్రేమానందం


విశాఖపట్నం,
25 ఆగస్టు 1969

ప్రియమైన డోర్కాస్‌కు,

అందరికీ వందనాలు. జవాబు ఆలస్యమైంది. పని ఎక్కువని రాయొచ్చు గానీ, చంద్రుడు అయిపోయాక షాపులో అంత పని లేదు.

మన గిరిగారు రాష్ట్రపతి అయ్యారు. మావయ్యగారు సంతోషించి ఉంటారు, రైల్వే కార్మికుల కోసం పాటుపడ్డ మనిషి. మొదటి లెక్కింపులో తేలక రెండోది దాకా వెళ్లింది కదా, ఆ సాయంత్రం మా షాపు ముందు రోడ్డు నిండిపోయింది. ఫలితం చెప్పే వేళకి ఎవరో తోసుకుంటే తీగ ఊడింది. నన్ను కొట్టినంత పని చేశారు.

ఇప్పుడు నా బల్ల మీద ఒక రేడియో ఉంది. వాల్వులు బాగున్నాయి, తీగలు బాగున్నాయి, దీపం వెలుగుతుంది. మాట రాదు. అన్నీ విప్పి చూశాను. రఘురాం గారు దాన్ని తిరిగి ఇచ్చేయమంటున్నారు.

మావయ్యగారు అడిగినదానికి. సత్యరాజు నెమ్మదస్తుడు. తాగడు. జీతం రాగానే ముందు తల్లికి పంపేవాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు డ్యూటీ మానేసి గంజి కాచి పోశాడు. కోపం వస్తే మాట్లాడకుండా బయటికి వెళ్లి, తగ్గాక వచ్చేవాడు. అతని గురించి చెడు చెప్పాలంటే నేను అబద్ధమాడాలి.

ఇంతకంటే రాయడానికి లేదు.

జ్ఞానానందం


లిలువా,
21 సెప్టెంబరు 1969

ప్రియమైన జ్ఞానానందం గారికి,

వందనాలు. మీ ఉత్తరం ఇంట్లో చదివాను. సత్యరాజు గారి సంగతి రాసిన భాగం అమ్మ రెండోసారి చదవమంది. చదివాను. "జ్ఞానానందం అబద్ధం రాయడమ్మా" అంది. నాన్న మరునాడే బడ్జ్ బడ్జ్ వెళ్లి మాట ఇచ్చి వచ్చారు. వెళ్లేముందు నన్ను అడిగారు. మీ ఇష్టం అన్నాను.

అక్టోబరు మొదటి ఆదివారం నుంచి వరసగా మూడు ఆదివారాలు మందిరంలో పెళ్లి ప్రకటనకు మా పేర్లు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పమంటారు. మన మందిరంలో ఇంతవరకూ ఎవరూ లేవలేదని మీకూ తెలుసు. చదివేటప్పుడు పెళ్లికూతురు తల వంచుకుని ఉండాలట.

కాంగ్రెసు రెండవుతుందని అంటున్నారు. టెలిఫోను బాగుపడింది. వింత వార్త ఏదీ దొరకలేదు.

మీకు తెలిసి రాయనిది ఏదైనా ఉంటే రాయండి.

డోర్కాస్

అవును, ఏదైనా ఉంటే ఇప్పుడే రాయి. – ప్రేమానందం


విశాఖపట్నం,
2 అక్టోబరు 1969

ప్రియమైన డోర్కాస్‌కు,

కార్డు ముక్కే రాస్తున్నాను. సత్యరాజు గురించి నాకు తెలిసి రాయనిది ఏమీ లేదు. మిగతావి నలుగురిలో చదివే ఉత్తరంలో రాయలేను. పెళ్లికి రావడం కుదరదు, మావయ్యగారు మన్నించాలి. దేవుడు మిమ్మల్ని దీవించాలి.

జ్ఞానానందం


లిలువా,
20 అక్టోబరు 1969

ప్రియమైన జ్ఞానానందం గారికి,

ఈ ఉత్తరం నేను ఎవరికీ చదివి వినిపించలేదు. కింద నాన్న రాసేది ఉండదు. పోస్టు డబ్బాలో నేనే వేస్తాను. మీకు ఇంకెవరో రాసేలోపు నేనే రాయాలి.

మీ కార్డు భోజనాల తర్వాత చదివాను. రెండో వాక్యం అయ్యాక ఆగాను. "ఏటమ్మా, ఆగిపోనావు?" అంది అమ్మ. రాత అర్థం కాలేదని చెప్పి, పెళ్లికి రాలేనన్న చోట మళ్లీ మొదలుపెట్టాను. మీ ఉత్తరంలో ఒక వాక్యం వదిలేసి చదవడం అదే మొదటిసారి. ఆ కార్డు పోస్టుమ్యాను చదివి ఉండొచ్చు. మా ఇంట్లో మాత్రం నేనొక్కదాన్నే చదివాను.

మొదటి ఆదివారం పేర్లు చదివినప్పుడు తల వంచుకున్నాను. రెండో ఆదివారమూ అంతే. ఆడవాళ్లు నా భుజం తట్టి వెళ్లారు. నిన్న మూడోది. దుర్గాపూజ కదా, పక్కవీధి పందిరి నుంచి ఢాకు డోళ్ల మోత, లౌడ్‌స్పీకరు. పాస్టరు అయ్యగారి మాట వెనక బెంచీలకు అందలేదు. సెలవని సత్యరాజు గారు, వాళ్ల అమ్మగారు కూడా వచ్చారు. అయ్యగారు మా పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చన్నారు. నేను లేచాను.

పాట మొదలైందనుకుని నా వెనక బెంచీ వాళ్లు కూడా లేచారు. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. "ఏటమ్మా, వొంట్లో బావులేదా?" అని అడిగారు అయ్యగారు. "నాకు అభ్యంతరం ఉందండి" అన్నాను. ఢాకుల మోతలో ఆయనకు వినిపించలేదు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి అందరికీ వినిపించింది.

ఆరాధన అయ్యాక పక్కగదికి పిలిచారు. అమ్మ, నాన్న, సత్యరాజు గారు, వాళ్ల అమ్మగారు వచ్చారు. సత్యరాజు గారు కోపపడలేదు. "ముందే చెబితే బాగుండేది" అన్నారు. అది నిజం. వాళ్లమ్మగారు గొడుగు తీసుకుని లేచారు. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మీరు ఆయన గురించి రాసినవన్నీ నిజమేనని అప్పుడు చూశాను. అందుకే నాకు మరింత కష్టంగా ఉంది.

అయ్యగారు పుస్తకం తీశారు. "అభ్యంతరానికి కారణం ఉండాలమ్మా. ఇదివరకే పెళ్లయిందా? దగ్గర చుట్టరికమా? ఇష్టం లేదన్నది ఇందులో లేదు." వేరొకరు నా మనసులో ఉన్నారని చెప్పాను. అయ్యగారు నా వైపు తిరిగారు.

"అతను నిన్ను అడిగాడా?"

"లేదండి."

"నువ్వు చెప్పావా?"

"లేదండి."

"మరి ఇన్నాళ్లూ ఏటి మాట్లాడుకున్నారు?"

"రాజకీయాలండి. పాడైపోయిన రేడియోలు, టెలిఫోన్లు. పేపర్లో వింతలు."

అయ్యగారు పుస్తకం మూసేశారు. నాన్న నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. అమ్మ అన్నం పెట్టి వెళ్లిపోతుంది. సింహాచలమ్మ పిన్ని పీట రాలేదు. నేను పొద్దున లైబ్రరీకి వెళ్లాను, సెలవని గుర్తులేదు, తలుపు దగ్గర నిలబడి తిరిగి వచ్చాను.

ఇందులో మీ తప్పు లేదు. మీరు ఏదీ రాయలేదు, నేను ఏదీ అడగలేదు. మీరు జవాబు రాయాలనేమీ లేదు. రాస్తే మాత్రం, దాన్ని నేను పైకి చదవను.

ఒకటి మిగిలింది. పుస్తకం మూశాక అయ్యగారు ఆ మనిషి ఎవరని అడిగారు. మీ పేరు చెప్పాను.

డోర్కాస్