దొంగ గ్లాసు

రాన్స్, 9 ఫిబ్రవరి 1974

ప్రియమైన నాన్నకి,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అమ్మ నేర్పిన మర్యాద కాబట్టి రాశాను. మన ఎపెర్నే నుంచి ఇక్కడికి ఇరవై ఏడు కిలోమీటర్లు. ఈ మాత్రం దూరానికి తపాలా బిళ్ళ అంటించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఫోన్ చేస్తే మీ గొంతు వినాలి. ఈ వారం అది నావల్ల కాదు.

ముప్పై నాలుగు తోటల వైన్లు, ఆరేళ్ళ పాత నిల్వలు. ఈ ఏటి మన వైన్ కూర్పు కోసం అయిదు వారాలు కలిపి, పారబోసి, మళ్ళీ కలిపి, మొన్న రుచి చూసే బల్ల మీద పెట్టిన పది గ్లాసుల్లో ఆ నాలుగోదాని దాకా వచ్చాను. మీరు ఒక్క గుక్క నోట్లో తిప్పి "చచ్చిన నీళ్ళు" అని బకెట్లో ఒంపేశారు. ఆర్మాన్ బాబాయి ముందు, గ్లాసులు నింపే ఫిర్మిన్ ముందు! ఎవరి కూర్పో తెలియకుండా గ్లాసుల ముందు కాగితాలు బోర్లించి ఉన్నాయి, నిజమే. కానీ ఆ తర్వాత మీరు ఏడో గ్లాసు పట్టుకుని "లాంద్రెవాల్ ఇంటి రుచి అంటే ఇదీ!" అన్నారు. నాలుగోది నాదని నేను అరిచాక కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

గడప దాటమన్నారు, దాటాను. ఇక్కడ ఇంకో వైన్ ఇంటివాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. ఒక్కటే అడుగుతున్నాను, కూతురిగా కాదు, మీ నేలమాళిగలో పదమూడేళ్ళు చలికి వణుకుతూ పనిచేసిన మనిషిగా. ఏడో గ్లాసు జోలికి పోకండి. రెండు లక్షల సీసాల మీద ఉండేది మన పేరు.

మీ కూతురు, మీకింకా గుర్తుంటే,
క్లోతిల్ద్

*

ఎపెర్నే, 13 ఫిబ్రవరి

ప్రియమైన మహారాణీ గారికి,

జరిగిందంతా రాశావు, నువ్వు చేసిన ఘనకార్యం మాత్రం మింగేశావేం? పళ్ళెం మొత్తం తలకిందులు చేసింది ఎవరు? పది గ్లాసులు భళ్ళున పగలగొట్టింది ఎవరు? మా తాత కాలం నుంచీ ఆ బల్ల మీద ఒక్క గ్లాసు పగల్లేదు. నీ కూర్పు నచ్చలేదన్నానని తాగినదానిలా పళ్ళెం తోసేసి, ఇప్పుడు నాకు నీతులా?

నలభై ఏళ్ళుగా ఈ ఇంటి రుచి నా ముక్కు మీద నిలబడింది. ఎండ కాసినా, వడగళ్ళు పడ్డా, మన సీసా విప్పితే అదే రుచి. నువ్వు నాకు చెబుతావా?

ఏడో కాగితం తడిసి ముద్దయిందని ఫిర్మిన్ నసుగుతున్నాడు. పర్వాలేదు, ఆ రుచి నాకు గుర్తుంది, నేనే మళ్ళీ కూరుస్తాను. ఈస్టర్ దాటగానే సీసాల్లోకి పోయిస్తాను. ఎవడు అడ్డొస్తాడో చూస్తాను.

ఆర్మాన్ నా ముఖం చూడడు. నిన్న నేను వంటింట్లో కూర్చుని పేపరు చదువుతుండగానే పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడింది. వంటమనిషి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి నన్ను వింతగా చూసింది, పాలు కాయడం నా పనైనట్టు!

పరాయివాళ్ళ ఏప్రన్ కట్టుకుని సుఖంగా ఉండు.

నీ తండ్రి,
ఎమెరిక్ లాంద్రెవాల్

*

రాన్స్, 20 ఫిబ్రవరి

నాన్నా,

చెప్పకూడదనుకున్నాను. మీరు ఆ ఏడో రుచిని మళ్ళీ కూరుస్తానన్నాక నోరు మూసుకుని ఉండలేను.

ఏడోది దొంగ గ్లాసు.

మీరు నేర్పిన కట్టుబాటే కదా? పది గ్లాసుల్లో ఒకటి బూజు పట్టిన పీపాలోది పెట్టాలి, దాన్ని పట్టలేనివాడు ఆ ఏడాది బల్ల దగ్గర కూర్చోకూడదు. ఒకప్పుడు బాబాయి దాన్ని మెచ్చుకున్నందుకు తాతయ్య ఆయన్ని ఏడాది పాటు వాకిట్లో నిలబెట్టారని మీరే నవ్వుతూ చెప్పేవారు. తడిసిన గోనెసంచి కంపు కొట్టే ఆ గ్లాసుని మీరు కళ్ళు మూసుకుని మెచ్చుకున్నారు. బాబాయి ముఖం పాలిపోయింది. ఫిర్మిన్ చెయ్యి ఏడో కాగితం తిప్పడానికి వెళ్ళింది.

అందుకే పళ్ళెం తోశాను. ఏడో కాగితం తడిసిందని ఫిర్మిన్ చెప్పింది అబద్ధం, ఆ గందరగోళంలో నేనే తీసుకున్నాను, ఇప్పుడు నా పర్సులో ఉంది. మిమ్మల్ని వాకిట్లో చూడడం కన్నా, నన్ను పొగరుబోతు అనుకోవడమే నయమనిపించింది. మీరేమో నిజంగానే అనుకున్నారు!

నా ఒళ్ళు మండేది మీ ముక్కు పోయినందుకు కాదు. జబ్బు ఎవరికైనా వస్తుంది. పక్కనే కూర్చున్న నాకు చెప్పలేదే, అందుకు. మీ పరువు నా కన్నా ఎక్కువైపోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇంకా అంటే, పోయించండి ఆ బూజుని రెండు లక్షల సీసాల్లోకి.

క్లోతిల్ద్

*

ఎపెర్నే, 24 మార్చి

ప్రియమైన అమ్మాయికి,

నెలరోజులు జవాబు రాయలేదు. మొదటి వారం నీ మీద కోపం. తర్వాత వారం ఫిర్మిన్ మీద. మిగతాది ఎవరి మీదో చెప్పక్కర్లేదు.

నవంబరు జ్వరం తగ్గాక ఒకరోజు కాఫీ నాకు వాసన లేని వేడినీళ్ళయింది. రేపు బాగవుతుందిలే అనుకుంటూ ఫిబ్రవరి దాకా లాక్కొచ్చాను. కానీ నువ్వొకటి తప్పు రాశావు. ఏడోది నా ముక్కు ఎంచలేదు. నీ ముఖం చూసి ఎంచాను.

అవును. ఆ అయిదు వారాలూ నేను రుచి చూసింది నీ ముఖాన్నే. నువ్వు ఎక్కడ ఆగితే నేను అక్కడ "బాగుంది" అన్నాను. ఆ రోజు నీ కూర్పు నీకు తెలుసు గనక, మరొకరికి తెలియకూడదని నాలుగోదాన్ని ముట్టుకుని పక్కన పెట్టేశావు. బాగోలేదనుకున్నాను. ఏడోదాని మీద ముక్కు పెట్టి చాలాసేపు ఆగావు. కంపుకి ఆగావని నాకేం తెలుసు! అది నీ కూర్పే అనుకున్నాను. బిడ్డని మెచ్చుకుంటున్నాననుకుని దొంగని మెచ్చాను, బిడ్డని బకెట్లో పోశాను.

పోయిన వారం ఆర్మాన్‌నీ ఫిర్మిన్‌నీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. తల కొట్టేసినట్టయింది. ఆర్మాన్ వెధవ, నవ్వకపోగా ఏడ్చాడు. వాణ్ణి తిట్టి పంపాను. వైన్ తొట్లు ఎవరూ ముట్టుకోలేదు. నాలుగో కూర్పు నీ పుస్తకంలోనే ఉంది, నువ్వు తేవాలి.

కట్టుబాటు కట్టుబాటే, నేను బల్ల దగ్గర కూర్చోను. వాకిట్లోనూ నిలబడను, ఈ గాలికి చస్తాను. గ్లాసులు నింపుతాను. నింపేవాడికి మాట ఉండదని నీకు తెలుసు. వారం రోజులుగా ఫిర్మిన్ నేర్పుతున్నాడు. వాడికి నన్ను తిట్టే అవకాశం నలభై ఏళ్ళకి దొరికింది, తనివితీరా వాడుకుంటున్నాడు.

ఒకటో తారీఖు సోమవారం పొద్దున తొమ్మిదింటికి పది గ్లాసులు నింపి ఉంటాయి. దొంగది ఏదో నేను వాసన చూసి చెప్పలేను, కాగితం మీద రాసుకున్నాను. నువ్వు పట్టుకో.

ఆ పరాయి ఏప్రన్ అక్కడే విప్పి రా. నా మీద జాలి పడ్డావంటే మాత్రం ఈసారి పళ్ళెం నేను తోస్తాను.

గ్లాసులు నింపేవాడు,
నాన్న