సేకరించినవారి పేరు

ప్రియమైన అక్కయ్యకు,

ఫోన్‌లో నా నోరు పెగిలేలోపే నువ్వు మాట అందుకుంటావు. కాగితం మీదయితే నాకు అడ్డు రాలేవు కదా, అందుకే ఇన్నేళ్లకు కలం పట్టాను. చివరిదాకా చదివాకే తిట్టు.

ఆ సంతకమేదో పెట్టి పారెయ్యమని మొన్న మళ్లీ అన్నావు. పెద్దసారు చేసిన మేలు గుర్తుచేశావు. నేను మరిచిపోతే కదా. మా ఆయన చనిపోయిన నెలలోనే సారు పిలిచి హెర్బేరియంలో పని ఇచ్చారు. ఎండిన మొక్కల్ని అట్టల మీద అమర్చి, దారంతో కుట్టి, బీరువాల్లో భద్రపరిచే పని. ఇరవై రెండేళ్లుగా ప్రార్థనలో ఆయన్ని తలవని రోజు లేదు. ఇకముందూ తలుస్తాను. సంతకం మాత్రం పెట్టను.

నీకు సగమే చెప్పాను. పోయినేడు వానలు వెలిసిన వారం, సెలవురోజున, ఎప్పటిలాగే ఒంటరిగా ప్రార్థించుకుందామని సున్నపురాయి గుట్ట ఎక్కాను. చిటికెడు మట్టి కూడా లేని రాతి పగులులో వేలిగోరంత తెల్లపువ్వులు కనిపించాయి. ఆకులు దళసరిగా ఉన్నాయి, అంచులకు నూగు. నా చేతుల మీదుగా వెళ్లిన వేల అట్టల్లో అలాంటిది లేదు. పందొమ్మిది మొక్కలు లెక్కపెట్టి రెండే తీసుకున్నాను. వార్తాపత్రికల మధ్య ఉంచి, బరువు పెట్టి ఆరబెట్టాను. తేదీ, చోటు నోటుబుక్కులో రాసుకుని, మొక్కలు సారుకిచ్చాను. కలుపుమొక్కలన్నీ మోసుకురావద్దని ఆయన విసుక్కున్నారు.

ఆరునెలల తర్వాత ఆయనే భూతద్దం కింద పెట్టి, పుస్తకాలన్నీ తిరగేసి, ఇది ఇంతవరకు ఎవరూ వర్ణించని కొత్త జాతి అని తేల్చారు. ఆ తేల్చడం ఆయన విద్య, కాదనను. కానీ అట్టకు అంటించమని నాకిచ్చిన చీటీలో 'సేకరించినవారు' అన్నచోట ఆయన పేరుంది. కొత్తగా వచ్చిన డైరెక్టరమ్మ, ఆయన గుట్టకు వెళ్లినట్టు సాక్ష్యం అడిగిందట. ఆయన వెంట నేను సంచి మోస్తూ వెళ్లానని రాసి ఇవ్వాలట.

"నీ పేరు చూస్తే సైన్సు పత్రికవాళ్లు నవ్వుతారమ్మా. చదువు దగ్గర ఏం రాయమంటావు, హైస్కూలనా?" అన్నారు. మెత్తగానే అన్నారు. అందుకే లోతుగా దిగింది.

ఎవరెవరో తెచ్చిన పువ్వుల్ని ఎవరెవరి పేర్లతోనో కుట్టాను, ఒక్కనాడూ అసూయపడలేదు. కానీ ఇది దేవుడు నాకు చూపించాడు. చూపించలేదని నా చేత్తో నేనే రాసిస్తే, రేపు ఏ ముఖం పెట్టుకుని ప్రార్థనకు కూర్చోను? ఉద్యోగం పోతే పోనీ. సూది పట్టడం వచ్చిన చెయ్యి ఎక్కడైనా బతుకుతుంది.

నీ చెల్లెలు

*

అక్కయ్యా,

నీ ఉత్తరం అందింది. తిట్లు అనుకున్నదానికంటే తక్కువే ఉన్నాయి. బావ పక్కన కూర్చుని తగ్గించి ఉంటాడు.

సంతకం పెట్టనని చెప్పాక డైరెక్టరమ్మ ఇద్దర్నీ పిలిచింది. సారు తను రాసిన వర్ణన చదివారు. ఆకుల కొలతలు, కేసరాల లెక్క అన్నీ సరిగ్గా ఉన్నాయి. తర్వాత "పూలు ఊదారంగు" అని చదివారు.

"తెలుపండీ" అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు. ఆమె మళ్లీ చెప్పమంది.

"బతికున్నప్పుడు తెలుపేనండీ. ఎండితే ఊదాకు తిరుగుతుంది. సారు చూసింది ఎండిన పువ్వునే."

నా నోటుబుక్కు తెరిచారు. తేదీ ఉంది, చోటు ఉంది, మొక్కల లెక్క ఉంది. రంగు లేదు! రంగు రాయకుండా మొక్కలు పంపేవాళ్లను ఎంత సణుక్కునేదాన్నో, ఆ తప్పే నేనూ చేశాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, జ్ఞాపకానికేముంది, ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "ఇవి పూసే రోజులేనండీ. గుట్ట ఎంతో దూరం లేదు. పదండి" అన్నాను. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో ఎవరినీ పదండి అన్నదాన్ని కాదు.

ఎక్కాం. సారుకు దారి తెలియదు, నా వెనకే నడిచారు. పగులు పొడవునా తెల్లగా పూసి ఉంది. సారు మోకాళ్ల నొప్పి కూడా మరిచి ఆ బండమీద కూలబడి చాలాసేపు చూశారు. "ఇంత తెల్లగా ఉంటుందనుకోలేదమ్మా" అన్నారు. నా దగ్గరున్న చీటీ అడిగి తీసుకుని, తన పేరు కొట్టేసి నా పేరు రాశారు. గరుకు బండమీద పెట్టి రాయడంతో అక్షరాలు వంకరపోయాయి.

శుభ్రంగా టైపు చేయిద్దామంది డైరెక్టరమ్మ. అక్కర్లేదన్నాను, ఆ చీటీనే అంటించాను. జాతికి నీ పేరే పెడదామంది. అదీ వద్దన్నాను. మట్టి లేకపోయినా చోటిచ్చింది రాయి, రాయి పేరే పెట్టమన్నాను. వర్ణన కింద మాత్రం సారు పేరు ఉండితీరాలని గట్టిగా చెప్పాను. ఆయన రాసింది ఆయనది, నేను చూసింది నాది.

ఇప్పుడు ఆయన నా బల్ల పక్కనుంచి తలదించుకుని వెళ్తున్నారు. నాకు జాలేస్తుంది, కానీ చేసినందుకు విచారం లేదు. ఈ రెండూ నాలో ఒకేసారి ఉండటం దేవుడికి తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు.

ఈ కాగితాలు దాచు. ఎవరికీ చూపకు, బావకు కూడా. నా పేరు కావాలన్నవాళ్లు వచ్చి బీరువా తెరిచి చూసుకుంటారు. ఆయన బండమీద కూలబడ్డ సంగతి మాత్రం నీ దగ్గరే ఉండనీ.

నీ చెల్లెలు